బార్బడోస్‌లో కాపురం పెట్టాలంటే: నెల ఖర్చు లెక్క వేసుకునే పద్ధతి

ప్రకటనలో "నెలకు 1,900 డాలర్లు" అని ఉంది. మాక్స్‌వెల్ దగ్గర ఒక బెడ్‌రూమ్ ఇల్లు, సముద్రానికి ఏడెనిమిది నిమిషాల నడక. బార్బడోస్ డాలర్లే కదా, మన డబ్బుల్లో 80 వేలు, పర్వాలేదు అనుకుని ఇల్లు చూసి, కిటికీలు తీసి, గాలి ఎలా వస్తోందో కూడా చూసుకుని, అడ్వాన్స్ మాట దగ్గరికి వచ్చాం. అప్పుడు ఇంటావిడ నెమ్మదిగా చెప్పింది, "అమెరికా డాలర్లమ్మా" అని. అంటే లక్షా 61 వేలు. అద్దె ఒక్కసారిగా రెట్టింపు.

ఆవిడ మోసమేమీ చేయలేదు. విదేశీయులకు ఇచ్చే ఇళ్ల ధరలు ఇక్కడ చాలావరకు అమెరికా డాలర్లలోనే చెబుతారు, కూరగాయల ధర మాత్రం స్థానిక డాలర్లలో ఉంటుంది. రెంటికీ గుర్తు ఒకటే. ఈ కరీబియన్ ద్వీపం గురించి ఇంటర్నెట్‌లో కనిపించే ఖర్చుల లెక్కలు సగం ఈ ఒక్క తికమకతోనే తప్పుదారి పట్టిస్తాయి. మేం ఇక్కడికి వచ్చాక నెలనెలా రాసుకున్న ఖాతా దగ్గర పెట్టుకుని, కొత్తగా వచ్చే తెలుగువాళ్ల కోసం ఇది రాస్తున్నాను. ఇల్లు, కూర, కరెంటు ధరలు నేను కట్టినవీ, చుట్టుపక్కల విన్నవీ. మీరు వచ్చేసరికి కొంచెం అటూఇటూ అవుతాయి, లెక్క వేసే పద్ధతి మాత్రం మారదు.

మొదటి అడుగు: ఏ డాలరో తేల్చుకోండి

ఒక అమెరికా డాలరుకు రెండు బార్బడోస్ డాలర్లు. 1975 నుంచి ఈ మారకం కదల్లేదు. కాబట్టి లెక్క సులువే, సగం చేస్తే అమెరికా డాలరు. ఈ వ్యాసంలో అమెరికా డాలరుకు 85 రూపాయలు వేసుకుంటున్నాను. అంటే స్థానిక డాలరుకు 42 రూపాయల 50 పైసలు. ఇకపై ఉత్త "డాలరు" అంటే బార్బడోస్ డాలరే. జనం దాన్ని బాజన్ డాలరు అంటారు.

దుకాణాల్లో అమెరికా నోట్లు తీసుకుంటారు, చిల్లర మాత్రం స్థానిక డబ్బులో ఇస్తారు. అద్దె, టాక్సీ, పడవ ప్రయాణం, ఏది మాట్లాడినా ముందు "బార్బడోసా, అమెరికానా?" అని అడగండి. ఇక్కడ దాన్ని ఎవరూ తప్పుగా అనుకోరు.

రెండో అడుగు: ఏ దారిలో వస్తున్నారో చూసుకోండి

భారత పాస్‌పోర్టు ఉన్నవాళ్లకు మూడు నెలల లోపు సందర్శనకు వీసా అక్కర్లేదు. కానీ దారిలో పడే ఖర్చు ఉంది. హైదరాబాద్ నుంచి నేరుగా విమానం లేదు. లండన్ మీదుగా వస్తే బ్రిటన్ ట్రాన్సిట్ వీసా నిబంధనలు, మయామీ, న్యూయార్క్ మీదుగా వస్తే అమెరికా వీసా చూసుకోవాలి. చవక టికెట్టు దొరికిందని ముందే కొనేసి, తర్వాత ట్రాన్సిట్ వీసా దగ్గర ఆగిపోయినవాళ్లున్నారు. వీసా తేలాకే టికెట్టు కొనండి.

కంప్యూటర్ పని ఎక్కడి నుంచైనా చేసుకునేవాళ్లకు 2020 జులైలో మొదలైన "వెల్‌కమ్ స్టాంప్" ఉంది. ఏడాది పాటు ఉండి, బయటి దేశపు కంపెనీకి పని చేసుకోవచ్చు. ఏడాది అయ్యాక మళ్లీ దరఖాస్తు పెట్టుకోవచ్చు. ఒక్కరికైతే రుసుము 2,000 అమెరికా డాలర్లు, కుటుంబానికి 3,000. ఏడాదికి 50,000 అమెరికా డాలర్ల ఆదాయం వస్తుందని చూపాలి, ఆరోగ్య బీమా ఉండాలి. ఆ సంపాదన మీద బార్బడోస్ ఆదాయపు పన్ను వేయదు. రుసుమును పన్నెండుతో భాగించి నెల ఖర్చులో కలపండి. ఒక్కరికి నెలకు 333 స్థానిక డాలర్లు, అంటే 14 వేలు పైనే. చాలామంది ఈ అంకెను లెక్కలోకే తీసుకోరు.

పన్ను లేదన్న మాట దగ్గర ఒక్క క్షణం ఆగండి. ఏ దేశంలోనూ పన్ను కట్టని భారత పౌరుడికి, విదేశీ ఆదాయం కాకుండా మిగతా ఆదాయం 15 లక్షలు దాటితే, అతణ్ని భారత రెసిడెంట్‌గానే లెక్కగట్టే నిబంధన 2020-21 ఆర్థిక సంవత్సరం నుంచి ఉంది. ఊళ్లో అద్దెలు, షేర్లు, వ్యాపారం ఉన్నవాళ్లు బయల్దేరే ముందే ఆడిటర్‌తో కూర్చోండి. అమెరికా నుంచి వచ్చే తెలుగువాళ్లకు ఇంకో చిక్కుంది. గ్రీన్‌కార్డు ఉన్నవాళ్లు ముందస్తు అనుమతి లేకుండా ఏడాది దాటి బయట ఉంటే దానికే ఎసరు రావచ్చు. పౌరులైతే ప్రపంచంలో ఎక్కడున్నా అమెరికాకు లెక్క చెప్పాల్సిందే.

ఇంకోటి, పని వేళలు. మనకూ ఇక్కడికీ తొమ్మిదిన్నర గంటల తేడా. హైదరాబాద్‌లో ఉదయం 9:30 అయితే ఇక్కడ అర్ధరాత్రి. అక్కడి ఆఫీసు వేళలకు పని చేయాలంటే రాత్రంతా మేలుకుని పగలు ఎండలో పడుకోవాలి, పగటి నిద్రకు ఏసీ కావాలి, ఆ ఖర్చు కరెంటు బిల్లులో కనబడుతుంది. అమెరికా తూర్పు తీరంతో పని ఉంటే మాత్రం వేసవిలో ఒకే సమయం, చలికాలంలో గంట తేడా.

వైద్య విద్య కోసం వచ్చే మన పిల్లలది వేరే దారి. ఇక్కడి ప్రైవేటు కళాశాలల్లో ఆంధ్రా, తెలంగాణ విద్యార్థులు కనిపిస్తారు. ఫీజు సంగతి నేను మాట్లాడను, బతకడానికి అయ్యే ఖర్చు కింద వేశాను. కాకపోతే 2021 నాటి మన జాతీయ వైద్య కమిషన్ నిబంధనల ప్రకారం కోర్సు కనీసం 54 నెలలు ఉండాలి, ఇంటర్న్‌షిప్ పన్నెండు నెలలు ఆ దేశంలోనే చేయాలి. కాబట్టి తల్లిదండ్రులు నాలుగేళ్లకు కాదు, ఐదున్నరేళ్లకు లెక్క వేసుకోవాలి.

మూడో అడుగు: ఇల్లు

ద్వీపం మొత్తం 430 చదరపు కిలోమీటర్ల చిల్లర. పదకొండు పారిష్‌లుగా విడదీశారు, మన మండలాల్లా అనుకోండి. అద్దె ఏ తీరం అన్నదాన్ని బట్టే ఉంటుంది.

పడమటి తీరం, సెయింట్ జేమ్స్, హోల్‌టౌన్ వైపు, ధనవంతుల విడిది. అటు చూడకండి. దక్షిణ తీరంలో హేస్టింగ్స్, వర్థింగ్, మాక్స్‌వెల్, ఓయిస్టిన్స్ వరుస. బస్సులు ఎడతెగకుండా తిరుగుతాయి, దుకాణాలు నడక దూరంలో ఉంటాయి, కారు లేకుండా బతకొచ్చు. ఒక బెడ్‌రూమ్ ఇల్లు సామానుతో సహా 2,000 నుంచి 2,600 డాలర్లకు దొరికితే మంచి బేరమే. లోపలి పారిష్‌లు, సెయింట్ జార్జ్, సెయింట్ థామస్, చెరకు తోటల మధ్య ఉంటాయి. అద్దె తక్కువే కానీ సాయంత్రం అయ్యాక బస్సు కోసం కళ్లు కాయలు కాస్తాయి, చివరికి కారు తప్పదు. అద్దెలో 600 మిగిల్చి కారుకు 1,500 పెట్టినవాళ్లు నాకు తెలుసు. కొవర్లీ వైపు ఇళ్లకు గిరాకీ వేరు. 2019లో రాస్ వైద్య విశ్వవిద్యాలయం డొమినికా నుంచి ఇక్కడికి మారినప్పటి నుంచి విద్యార్థులు అక్కడే ఎక్కువ.

ఇల్లు వెతకాల్సిన కాలం సెప్టెంబరు నుంచి నవంబరు మధ్య వరకు. డిసెంబరు మధ్య నుంచి ఏప్రిల్ మధ్య దాకా చలి తప్పించుకోవడానికి ఇంగ్లీషువాళ్లు, కెనడావాళ్లు దిగుతారు, అద్దెలు ఆకాశానికి అంటుతాయి. ఆగస్టు మొదటి సోమవారం క్రాప్ ఓవర్ పండగ ముగింపు, దాని ముందు కూడా అంతే. ఖాళీ కాలంలో ఏడాదికి రాసుకుంటామంటే ఇంటివాళ్లు ధర తగ్గిస్తారు. మేం అలాగే 300 తగ్గించుకున్నాం.

ఒప్పందం రాసే ముందు ఇవి చూడండి. పైకప్పు మీద సౌర వాటర్ హీటర్ ఉందా? ఇక్కడ 1970ల నుంచి ఇంటింటా పెడుతున్నారు, లేని ఇంట్లో వేడి నీళ్ల ఖర్చు మీదే. నీళ్ల ట్యాంకు ఉందా? కుళాయి నీళ్లు సున్నపురాతి పొరల్లోంచి వచ్చేవి, తాగొచ్చు. కానీ ఉత్తరాన సెయింట్ లూసీ, తూర్పున సెయింట్ జోసెఫ్ వైపు నీళ్లు రాకపోవడం, వచ్చినా గోధుమరంగులో రావడం పాత సమస్య. కరెంటు మీటరు ఎవరి పేరున ఉంది? కిటికీలు తూర్పుకు ఉన్నాయా? ఈ చివరిది అడిగితే కొందరు వింతగా చూస్తారు, అయినా అడగండి. అట్లాంటిక్ మీదుగా తూర్పు గాలి ఏడాదిలో ఎక్కువ రోజులు వీస్తుంది. అటు కిటికీ ఉన్న ఇంట్లో ఏసీ అవసరం సగానికి సగం పడిపోతుంది.

డిపాజిట్ ఒక నెల, కొందరు రెండు నెలలది అడుగుతారు. ఇంట్లోకి దిగిన రోజే గోడల మరకలు, మీటరు అంకె, ఫ్రిజ్ తలుపు వెనక తుప్పు, అన్నీ ఫోటోలు తీసి ఇంటివాళ్లకు పంపేయండి.

నాలుగో అడుగు: కరెంటు

ద్వీపంలో కరెంటు ఎక్కువగా దిగుమతి చేసుకున్న చమురుతోనే పుడుతుంది. అందుకే బిల్లులో "ఇంధన సర్దుబాటు" అనే వరస నెలనెలా మారుతుంటుంది. అన్నీ కలిపి యూనిట్‌కు దాదాపు 60 నుంచి 70 సెంట్లు పడుతుంది. సగటు 65 సెంట్లు అనుకుంటే 27 రూపాయల పైనే.

ఒక టన్ను ఏసీ రాత్రి ఎనిమిది గంటలు తిరిగితే ఆరు యూనిట్ల పైచిలుకు. నెలకు 190 యూనిట్లు, అంటే 125 డాలర్లు, మన 5,300 రూపాయలు. ఒక్క గదికే. పగలూ రాత్రీ రెండు గదుల్లో వేస్తే ఎంతవుతుందో మీరే గుణించుకోండి. మా మొదటి నెల బిల్లు 410 వచ్చింది. రెండో నెల నుంచి గాలి ఉన్నప్పుడు ఫ్యాను, నిద్రకు ముందు రెండు గంటలు మాత్రం ఏసీ అని అలవాటు చేసుకున్నాక 220 దగ్గర నిలబడింది.

ఇక్కడి వోల్టేజీ 115, ప్లగ్గు అమెరికా తరహా రెండు చదును పిన్నులది. ఊరి నుంచి మోసుకొచ్చిన 750 వాట్ల మిక్సీని అడాప్టర్ పెట్టి తగిలిస్తే మూలిగింది తప్ప మినప్పప్పు మెదగలేదు. 230 వోల్టులకు పెంచే ట్రాన్స్‌ఫార్మర్ కొంటే పని చేస్తుంది. 1,500 వాట్లది తీసుకోండి, అంతకన్నా చిన్నది మోటారు మొదలయ్యే ఊపుకు తట్టుకోదు. దాని బరువు, ధర చూశాక మేం 110 వోల్టుల మిక్సీ తెప్పించుకున్నాం. ప్రెషర్ కుక్కర్‌కు ఈ బాధ లేదు, తెచ్చుకోండి. రబ్బరు గాస్కెట్లు మాత్రం నాలుగు అదనంగా పెట్టుకోండి.

ఉప్పుగాలి సంగతి బిల్లులో రాదు కానీ అదీ ఖర్చే. తీరం పక్క ఇళ్లలో ఏసీ బయటి భాగం, ల్యాప్‌టాప్ పోర్టులు, సైకిల్ గొలుసు, ఏదీ మన దగ్గర మన్నినన్నాళ్లు మన్నదు. 2011 నుంచి ఎక్కువైన సర్గాసమ్ అనే సముద్రపు నాచు ఒడ్డున కుళ్లినప్పుడు వచ్చే వాయువు లోహాన్ని ఇంకా తినేస్తుంది. అందుకే నన్నడిగితే సముద్రానికి ఎదురుగా ఉన్న ఇంటికన్నా రెండు వీధులు లోపలున్న ఇల్లే మేలు.

ఐదో అడుగు: వంటిల్లు

ఎక్కువ చెప్పాల్సింది ఇక్కడే, ఎందుకంటే మీ చేతిలో ఉన్న ఖర్చు ఇదొక్కటే. అద్దె ఒకసారి కుదిరాక మారదు. వంటింటి ఖర్చు మాత్రం ఒకే చిన్న కుటుంబానికి, అదే ఊళ్లో, నెలకు 900 కావొచ్చు, 2,000 కావొచ్చు.

పద్ధతి ఒకటే. చేతిలోకి తీసుకున్న ప్రతి వస్తువునూ "ఇది ఓడ ఎక్కి వచ్చిందా?" అని అడగండి. ఓడ ఎక్కిన వస్తువు మీద రవాణా, దిగుమతి సుంకం, ఆ మొత్తం మీద 17.5 శాతం వ్యాట్ పడతాయి. లెక్క చూడండి. 100 డాలర్ల వస్తువుకు 25 రవాణా. ఆ 125 మీద 20 శాతం సుంకం, అది 25. ఇప్పుడు 150 అయింది. దాని మీద వ్యాట్ 26. మొత్తం 176. మయామీ చిరునామాకు ఆన్‌లైన్‌లో తెప్పించుకుని అక్కడి నుంచి ద్వీపానికి రప్పించుకునే పద్ధతి ఇక్కడ అందరూ వాడతారు, దానికీ ఇదే లెక్క. కొన్ని నిత్యావసర ఆహారాలకు వ్యాట్ లేదు, ఏ సరుకుకు పడిందో రసీదులో చూసుకుంటూ ఉంటే నాలుగు వారాల్లో అలవాటైపోతుంది.

ఓడ ఎక్కనివి ఏమిటి? కోడిమాంసం, గుడ్లు, చేపలు, దుంపలు, బెండకాయలు, గుమ్మడి, పళ్లు. ఇవన్నీ మనం తినేవే.

రాజధాని బ్రిడ్జ్‌టౌన్‌లోని చీప్‌సైడ్ మార్కెట్‌కు శనివారం పొద్దున్నే వెళ్లండి. మొదటిసారి వెళ్లినప్పుడు నాకు కళ్లు చెమర్చాయి. ఒకావిడ పళ్లెంలో వలిచిన పచ్చి కందిగింజలు పెట్టుకుని కూర్చుంది. వాటిని ఇక్కడ "గ్రీన్ పీస్" అంటారు. పేరు చూసి బఠాణీ అనుకుని దాటిపోకండి, అవి మన కందులే. క్రిస్మస్‌కు వీళ్లు చేసుకునే జగ్-జగ్ అనే వంటకంలో పడేవి ఈ పచ్చి కందులూ, జొన్నపిండీ. "బొనవిస్ట్" అంటే చిక్కుడు. "ఎడ్డో" అంటే మన చేమదుంపకు చెల్లెలు. పెండలం, కర్రపెండలం, చిలగడదుంప గుట్టలుగా ఉంటాయి. సీమపనస ముక్కలు వేయిస్తే బంగాళాదుంప గుర్తుకు రాదు. బంగాళాదుంప ఇక్కడ చాలావరకు ఓడ సరుకు. సీతాఫలం, లక్ష్మణఫలం, చింతకాయ, అన్నీ కాలాన్ని బట్టి దొరుకుతాయి.

ఒకసారి డిసెంబరులో ఎర్రగా, కండగా ఉన్న మొగ్గల రాశి చూసి ఆగిపోయాను. "సోరెల్" అంది అమ్మే ఆవిడ, క్రిస్మస్‌కు పానకం కాచుకుంటారట. నేను కాడ ఒకటి తీసి చూశాను. మన గోంగూర. ఆకులేవి అని అడిగితే ఆవిడకు అర్థం కాలేదు, ఆకులు తినరుగా. తోటలోనే కొట్టేసి వస్తామంది. మరుసటి శనివారం ఒక సంచినిండా ఆకు తెచ్చి, డబ్బులు తీసుకోనంది. నేను పచ్చడి చేసి చిన్న సీసాలో పెట్టి ఇచ్చాను. పప్పులో పుల్లకూర వేయడానికి ఫ్రిజ్ సెక్షన్‌లో పాలకూర డబ్బా కోసం 9 డాలర్లు పెట్టే పని ఆ చలికాలమంతా తప్పింది. గోంగూర విత్తనాలు కూడా ఆవిడే ఇచ్చింది. అమ్మేవాళ్లతో మాట కలపండి. ఇక్కడ షాపులోకి, బస్సులోకి అడుగు పెట్టగానే "గుడ్ మార్నింగ్" చెప్పడం మర్యాద, చెప్పకుండా ధర అడిగితే మొహం ముడుచుకుంటారు.

చేపలకు ఓయిస్టిన్స్ లేదా బ్రిడ్జ్‌టౌన్ చేపల మార్కెట్టుకు మధ్యాహ్నం దాటాక, పడవలు వచ్చే వేళకు వెళ్లండి. ఎగిరే చేప డిసెంబరు నుంచి జూన్ దాకా విరివిగా వస్తుంది, ముల్లు తీసి పొట్లం కట్టి అమ్ముతారు. పులుసుకు అది మెత్తబడిపోతుంది, వేపుడుకు బాగుంటుంది. పులుసుకు కింగ్‌ఫిష్ తీసుకోండి, వంజరానికి దగ్గరి బంధువు. "డాల్ఫిన్" అని రాసి ఉంటే కంగారు పడకండి, అది మాహీమాహీ అనే చేప, మనకు తెలిసిన డాల్ఫిన్ కాదు. 2024 జులై 1న బెరిల్ తుపాను దక్షిణంగా పోతూ రేవులో కట్టిన చేపల పడవలను పొట్టుపొట్టు చేసింది. చేపల ధర మాట్లాడేటప్పుడు ఇప్పటికీ జాలర్లు ఆ రోజు గురించి చెబుతారు. వాళ్ల దగ్గర మరీ గీచి బేరమాడకండి.

బియ్యం ఎక్కువగా గయానా నుంచి వస్తుంది, ఉప్పుడు బియ్యం తీరులో ఉంటుంది. సోనామసూరి కోసం వెతకడం మానేసి దీనికి నీళ్ల కొలత నేర్చుకుంటే నెలకు 60, 70 డాలర్లు మిగులుతాయి. కందిపప్పు అన్ని చోట్లా ఉండదు. పచ్చబఠాణీ బద్దలు, మసూర్ పప్పు మాత్రం ప్రతి షాపులో చవకగా దొరుకుతాయి. బఠాణీ బద్దలతో పప్పుచారు రెండో వారానికి నాలుకకు అలవాటైంది. పాలు, పెరుగు, జున్ను ఖరీదు. పాలు కొని ఇంట్లోనే తోడు పెట్టుకోండి, ఈ వేడికి ఐదారు గంటల్లో తోడుకుంటుంది. పచ్చిమిరపకాయ బదులు స్కాచ్ బానెట్ మిరప. ఒక్కటి చాలు, గింజ తీసి వాడండి.

సూపర్‌మార్కెట్లలో మాస్సీ పెద్దది, అన్నీ ఉంటాయి. పాప్యులర్, ట్రైమార్ట్ లాంటి వాటిలో నిత్యం వాడే సరుకు మీద తేడా తెలుస్తుంది. పెద్ద ప్యాకెట్లకు కాస్ట్-యు-లెస్, సభ్యత్వం కట్టగలిగితే ప్రైస్‌స్మార్ట్. నలుగురైదుగురు విద్యార్థులు కలిసి ఒకే సభ్యత్వంతో నెల సరుకు తెచ్చుకోవడం మంచి పద్ధతి.

బయట తినాలంటే పర్యాటకుల హోటల్లో ఒక్కరికి 80, 100 డాలర్లు సులువుగా అవుతుంది, సర్వీసు ఛార్జీ 10 శాతం అదనం. రోడ్డు పక్క భోజనం డబ్బా 20, 25కు కడుపునిండా వస్తుంది. చెఫెట్ అనే స్థానిక గొలుసు హోటళ్లలో రోటీ దొరుకుతుంది. బంగాళాదుంప కూర లోపల పెట్టి మడిచింది, శాకాహారులకు ఆదరువు.

ఆరో అడుగు: తిరగడం

బస్సు ఛార్జీ ఎంత దూరమైనా 3.50. నీలం రంగువి ప్రభుత్వ బస్సులు, పసుపువి ప్రైవేటువి, తెల్లగా ఎర్రచారతో ఉన్న వ్యాన్లను జెడ్-ఆర్ అంటారు. నీలం బస్సుల్లో చిల్లర తిరిగి ఇవ్వరు, సరిగ్గా పట్టుకెళ్లండి. జెడ్-ఆర్‌లో పాటలు చెవులు పగిలేలా ఉన్నా, గమ్యం మాత్రం త్వరగా చేరుస్తుంది. రోజూ రానుపోను, నెలకు 22 రోజులు తిరిగినా 154 డాలర్లే.

కారు కొనడం ఏడాదికి వచ్చేవాళ్లకు దండగ. సుంకాల మీద సుంకాలు పడి పాత జపాన్ కారు ధరే గుండె ఝల్లుమనిపిస్తుంది. పిల్లలున్నవాళ్లు నెలవారీ అద్దెకు మాట్లాడుకోండి. రోజు ధర చెబితే ఒప్పుకోకండి, నెల ధర వేరే ఉంటుంది. పెట్రోలు ధర ప్రభుత్వం నిర్ణయిస్తుంది, లీటరు 4 డాలర్లకు అటూఇటూ. మనలాగే ఎడమ పక్క నడపాలి, అదొక్కటి కలిసొచ్చింది.

ఏడో అడుగు: ఒంట్లో బాగాలేనప్పుడు

క్వీన్ ఎలిజబెత్ ఆసుపత్రి పెద్ద ప్రభుత్వాసుపత్రి. పౌరులకు ఉచితం, మనం కట్టాలి. ప్రైవేటు డాక్టరు చూస్తే 100 నుంచి 200 డాలర్లు, పరీక్షలు వేరు. బీమా తీసుకునేటప్పుడు ఒక్క వాక్యం కోసం వెతకండి: అవసరమైతే విమానంలో వేరే దేశానికి తరలించే ఖర్చు ఇస్తారా? చిన్న ద్వీపంలో కొన్ని చికిత్సలు దొరకవు, అప్పుడు మయామీయో ట్రినిడాడో పోవాల్సి వస్తుంది. ఆ వాక్యం లేని చవక పాలసీ నా దృష్టిలో పాలసీయే కాదు. రోజూ వేసుకునే బీపీ, షుగర్, థైరాయిడ్ మందులు డాక్టరు చీటీతో సహా మూడు నెలలకు సరిపడా తెచ్చుకోండి.

ఎనిమిదో అడుగు: డబ్బు రాకపోకలు

బ్యాంకు ఖాతాకు చిరునామా రుజువు, పాత బ్యాంకు ఉత్తరం, ఆదాయం కాగితాలు అడుగుతారు, వారాలు పడుతుంది. మాకు ఏడు వారాలు పట్టింది, ఒకే కాగితం మూడుసార్లు ఇచ్చాం. అందుకే మొదటి రెండు నెలలకు సరిపడా అమెరికా డాలర్లు కార్డులో ఉంచుకుని రండి. 2017 నుంచి విదేశీ మారకం మీద 2 శాతం రుసుము ఉంది. స్థానిక డబ్బును మళ్లీ అమెరికా డాలర్లు చేసి బయటికి పంపితే అది పడుతుంది. కాబట్టి ఇక్కడికి ఖర్చుకు కావలసినంతే తెచ్చుకోండి, పొదుపు సొమ్ము అక్కడే ఉండనివ్వండి.

నీళ్ల బిల్లులో చెత్త, మురుగు పేరిట రోజుకు 1.50 డాలర్లు పడుతుంది, ఇది అద్దెలో కలిసిందో లేదో అడగండి. ఇంటర్నెట్‌ను ఫ్లో, డిజిసెల్ అనే రెండు కంపెనీలూ బాగానే ఇస్తాయి, ఫోనుతో కలిపి 180లోపు సర్దుకోవచ్చు. సామానులో మిలిటరీ యూనిఫాంలా మచ్చలున్న (కామోఫ్లాజ్) బట్టలు పెట్టకండి, పిల్లలవైనా సరే. ఇక్కడ సైన్యం తప్ప ఎవరూ వేసుకోకూడదని చట్టం.

తొమ్మిదో అడుగు: అన్నీ కూడండి

దక్షిణ తీరంలో ఒక్కరే ఉంటే: అద్దె 2,400, కరెంటు 250, నీళ్లు 80, ఇంటర్నెట్ ఫోను 180, తిండి 1,000, తిరుగుడు 250, బీమా 250, చిల్లర మల్లర 400. మొత్తం 4,810. అంటే 2,405 అమెరికా డాలర్లు, 2 లక్షల 4 వేల రూపాయలు. వెల్‌కమ్ స్టాంప్ మీద ఉంటే పైన చెప్పిన 333 కలుపుకోండి.

నలుగురు కలిసి ఇల్లు పంచుకునే విద్యార్థికి: అద్దె వాటా 1,000, తిండి 600, బస్సు 150, కరెంటు నీళ్లు 120, ఫోను 60, మిగతావి 120. మొత్తం 2,050, దాదాపు 87 వేలు. వంట వచ్చినవాడికే ఈ లెక్క. రానివాడికి తిండి ఒక్కటే 1,200 దాటుతుంది. పంపే ముందు పిల్లలకు అన్నం, పప్పు, రెండు కూరలు నేర్పండి. ఇది నేను మనసారా చెబుతున్న మాట.

ఇద్దరు పిల్లల కుటుంబానికి: అద్దె 4,000, కరెంటు 500, నీళ్లు 120, ఇంటర్నెట్ ఫోన్లు 220, తిండి 2,200, కారు అద్దె, పెట్రోలు 1,800, బీమా 700, ఇతరాలు 800. మొత్తం 10,340, అంటే 4 లక్షల 39 వేలు. ఇందులో బడి ఫీజు లేదు. ప్రైవేటు బడులకు ఏడాదికి వేల అమెరికా డాలర్లు అవుతుంది, బడి తేలకుండా కుటుంబంతో రాకండి.

దీనికి తోడు ఎప్పుడూ ముట్టుకోని మూట ఒకటి ఉండాలి. జూన్ 1 నుంచి నవంబరు 30 వరకు తుపానుల కాలం. బార్బడోస్ మిగతా ద్వీపాల వరసకు తూర్పున విడిగా ఉండటంతో చాలా తుపానులు ఉత్తరంగా దాటిపోతాయి. 1955 నాటి జానెట్ తర్వాత హరికేన్ స్థాయిలో నేరుగా తాకింది 2021 జులైలో ఎల్సాయే. అయినా ఇంటిల్లిపాదికీ ఊరికి తిరుగు టికెట్ల డబ్బు, రెండు నెలల అద్దె, రెండు వారాల నీళ్లు, బియ్యం, పప్పు విడిగా పెట్టుకోవాలి. మే నెలాఖరుకు మేం ఆ డబ్బాలు ఒకసారి దింపి, పురుగు పట్టాయేమో చూసి, కొత్తవి నింపుతాం.

ఇంకా మనసు తేలకపోతే 2,000 అమెరికా డాలర్ల రుసుము కట్టేముందు, సెలవు పెట్టి అక్టోబరులో మూడు వారాలు సందర్శకులుగా వచ్చి చూడండి. హోటల్లో దిగకండి, వంటిల్లున్న గది తీసుకోండి. నీలం బస్సులో చీప్‌సైడ్‌కు వెళ్లి కూరలు తెచ్చి వండుకోండి, ఏసీ లేకుండా రెండు రాత్రులు పడుకుని చూడండి, ప్రతి రసీదూ దాచండి. మూడో వారం చివర ఆ రసీదులు కూడితే వచ్చిన మొత్తాన్ని నాలుగుతో గుణించి మూడుతో భాగించండి. నేనిచ్చిన అంకెల కన్నా మీ ఇంటికి సరిపోయే లెక్క అదే.